రోడ్డుకు అవతలి పెనం

ఈ వారం ఉత్తరం కోనసీమలోని ఒక పట్నం నుంచి వచ్చింది. రాసినావిడకు 44 ఏళ్లు. బస్టాండు ఎదుట పధ్నాలుగేళ్లుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

పదకొండేళ్ల కిందట ఒకతను భార్యను, మూడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని పని అడుగుతూ వచ్చాడు. గిన్నెలు కడగడానికి పెట్టుకున్నారు. పిండి ఎంత పులవాలో, పెనం మీద నీళ్లు చిలకరించి చప్పుడును బట్టి వేడి ఎలా పసిగట్టాలో ఈమే నేర్పారు. అత్తగారి నుంచి వచ్చిన అల్లం చట్నీ కొలతలు కూడా చెప్పారు. నాలుగేళ్లకు అతనే మాస్టరయ్యాడు. ఈమెను "అక్కా" అనేవాడు, ఈమె భర్తను "బావగారూ" అనేవాడు. అతని కూతురూ ఈమె కూతురూ హోటల్ వెనక గదిలో పిండి బస్తాల మధ్య ఆడుకుంటూ పెరిగారు. ఇప్పుడిద్దరూ ఒకే బళ్లో తొమ్మిదో తరగతి, ఒకే ఆటోలో వెళ్తారు.

పోయిన దసరాకి ఊరెళ్తున్నానని చెప్పి సెలవు పెట్టాడు. ఇరవై రోజుల తర్వాత రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, సొంతంగా టిఫిన్ పెట్టాడు. అవే ఇడ్లీ, అట్టు, పెసరట్టు ఉప్మా, అదే అల్లం చట్నీ. ఈమె దగ్గర నాలుగు ఇడ్లీల ప్లేటు 30 రూపాయలైతే అతను 25 బోర్డు పెట్టాడు. ఈమె 25కి దించారు. అతను 22 చేశాడు. రోజుకి 180 ప్లేట్ల ఇడ్లీ పోయేది, ఇప్పుడు 130కి పడింది. రాత్రి నిద్ర ఉండటం లేదు. "మా పొలంలోనే మొలిచిన ఊద వాడు" అని రాశారు, ఊద అంటే వరిలో మొలిచే కలుపు. కూతుర్ని ఆ పిల్లతో మాట్లాడొద్దన్నారు. అప్పట్నుంచి ఆటోలో ఒకతె ముందూ ఒకతె వెనకా కూర్చుంటున్నారట.

అడిగినవి ఇవి: ఇడ్లీ 20కి దించేసి అతన్ని లేపేయనా? అతని పొయ్యి దిమ్మె మురుగు కాలువ మీదికి వచ్చింది, మునిసిపాలిటీకి కంప్లైంట్ ఇద్దామని మా ఆయన అంటున్నారు, ఇవ్వమంటారా? అసలీ గొడవెందుకు, మూసేసి కూర్చోనా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలేసింది. రెండోసారి ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒక వాక్యం రాసి వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. "పోయిన ఉగాదికి జీతం రెండు వేలు పెంచమన్నాడు, అప్పుడు మాకూ ఇబ్బందిగా ఉండి చూద్దాంలే అన్నాను." అంతే. ఉగాది నుంచి దసరా దాకా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మళ్లీ ఆ మాట ఎత్తారా? మీరు రాయలేదు కాబట్టి ఎత్తలేదనే అనుకుంటున్నాను. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఉన్న మనిషికి "చూద్దాంలే" అంటే ఏమని వినిపించి ఉంటుందో ఒకసారి అతని వైపు నుంచి ఆలోచించండి. తప్పంతా మీదేనని నేననడం లేదు. సెలవని అబద్ధం చెప్పి వెళ్లడం, ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు ఎదురుగానే పెట్టడం అతను చేసినవి. అవి నొప్పించే పనులే. కానీ మీ తలలో రెండు విషయాలు కలిసిపోయాయి. ఒకటి, తమ్ముడనుకున్నవాడు చెప్పకుండా పోయిన బాధ. రెండు, రోడ్డుకు అవతల ఇంకో హోటల్ వచ్చిన ఇబ్బంది. రెండోది లెక్కలతో తేలుతుంది. మొదటిది తేలదు. మీరు ఇడ్లీ రేటు దించింది రెండోదాని కోసం కాదు, మొదటిదాని కోసం.

ఎందుకంటున్నానంటే, లెక్క చూడండి. మీరే రాశారు, నాలుగు ఇడ్లీల ప్లేటుకు రవ్వ, మినప్పప్పు, గ్యాస్, చట్నీ, జీతాలు, అద్దె అన్నీ కలిపి 21 పడుతుందని. 30కి అమ్మినప్పుడు ప్లేటుకు 9 మిగిలేది. 180 ప్లేట్ల మీద 1,620 రూపాయలు. 25కి అమ్మితే 4 మిగులుతుంది. ఆ 21 లెక్కనే మళ్లీ 1,620 రావాలంటే 405 ప్లేట్లు పోవాలి. మీ బస్టాండులో పొద్దున పూట ఇడ్లీ తినే జనం అంతమంది లేరు, ఉన్నా మీ పాత్రలో అన్ని వాయలు దిగవు. పైగా ఆ 21 అనేది 180 ప్లేట్లు అమ్మిన రోజుల్లో వేసిన లెక్క. ఇప్పుడు 130కి పడ్డాక అదే అద్దె, అవే జీతాలు తక్కువ ప్లేట్ల మీద పడుతున్నాయి కాబట్టి మీకు పడేది 21 కంటే ఎక్కువే. అంటే 25 దగ్గరే మీరు దాదాపు ఊరికే పెడుతున్నారు. 20కి దించితే ఎదురు డబ్బిచ్చి తినిపించినట్టు. అతనికేమో భార్యాభర్తలిద్దరూ పనిచేస్తారు, జీతాలు లేవు, రేకుల షెడ్డు కాబట్టి అద్దె తక్కువ. రేటు పందెంలో మీకంటే అతనే ఎక్కువ రోజులు నిలబడతాడు. అది అతనికి తెలుసు, మీ దగ్గర పదకొండేళ్లు గల్లా పెట్టె పక్కన నిలబడి చూసినవాడు.

రేట్లు తగ్గించే పందెంలో ఎప్పుడూ నెగ్గేది మంచి సరుకున్నవాడు కాదు, మూట పెద్దదున్నవాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు చూశాం కదా. మనందరికీ డేటా దాదాపు ఊరికే వచ్చింది, సంబరపడ్డాం. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. వొడాఫోన్, ఐడియా 2018లో ఒకటైపోయాయి. మిగిలిన మూడు ప్రైవేటు కంపెనీలూ 2024 జులైలో వరసబెట్టి రేట్లు పెంచాయి. ఆ ఆటలో దిగడానికి మీ దగ్గరున్న మూట ఏమిటి? పిల్ల చదువుకని దాచిన చిట్టీ డబ్బులని మీరే రాశారు. అందులోంచి నలభై వేలు ఇప్పటికే తీశారు. రేటు 20 చేయడమా వద్దా అన్నది మీ ఇష్టం. చేస్తే ఆ చిట్టీ ఎన్ని నెలలకు ఖాళీ అవుతుందో ముందు కాగితం మీద వేసుకుని చేయండి.

కంప్లైంట్ సంగతి. మీవారి కోపం అర్థమవుతోంది. కాలువ మీదికి దిమ్మె కట్టడం తప్పే, ఇస్తే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి తీయిస్తారు కూడా. కానీ వచ్చేవాళ్లు అతని వైపు మాత్రమే చూసి వెళ్లరు. మీ హోటల్ ముందు వేసిన రేకుల పందిరి ఎవరి స్థలంలో ఉంది? ఆహార భద్రత చట్టం కింద హోటల్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, మీ కాగితాలు సరిగా ఉన్నాయా? ఇంకొకటి, మీ నిజాయతీకి మెచ్చుకుంటూనే అడుగుతున్నాను. హోటళ్లకిచ్చే నీలం సిలిండరు దొరకనప్పుడు ఇంటి ఎర్ర సిలిండరు తెచ్చి వాడిన రోజులున్నాయని రాశారు. ఆ రోజులన్నీ అతను మీ పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాడు. మీరు ఒక కాగితం పెడితే అతను రెండు పెడతాడు. చివరికి ఇద్దరి దగ్గరా పొద్దున్నే కాఫీ తాగి డబ్బివ్వకుండా వెళ్లే మనుషులు పెరుగుతారు. కాలువ పొంగి నిజంగా ఇబ్బందవుతుంటే ఇవ్వండి, అది వేరు. అప్పుడు కూడా ముందు మీ కాగితాలు సరిచేసుకోండి. ఆ పని ఎలాగూ చేయవలసిందే.

తక్కువకు అమ్మడం నేరం కాదా అని మీవారు అడిగారు. మార్కెట్టు మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్న పెద్ద కంపెనీ ఎదుటివాణ్ణి లేపేయడానికి నష్టానికి అమ్మితే పోటీ చట్టం ఒప్పుకోదు. రేకుల షెడ్డులో 22 రూపాయల ఇడ్లీకి ఆ చట్టం రాదు. అలాగే మీ మరిది ఇచ్చిన సలహా, ఇద్దరూ కూర్చుని 30 అని ఒకే రేటు కట్టుకోమన్నది. ఆ చట్టమే దాన్నీ తప్పంటుంది. 2012లో సిమెంటు కంపెనీల మీద ఆరు వేల కోట్లు దాటిన జరిమానా పడింది ఇలా కూడబలుక్కున్నారనే. మీ ఇడ్లీ కోసం ఢిల్లీ నుంచి ఎవరూ దిగిరారనుకోండి. కానీ కోపంలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య రేటు ఒప్పందం వారం నిలవదు. ఒకడు చాటుగా రెండు రూపాయలు తగ్గిస్తాడు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఊద మాట. నాకు నచ్చలేదు గానీ వదలబుద్ధీ కాలేదు. మీది వరి పండే సీమ, మీకు నేను చెప్పేదేముంది. ఊద వెన్ను తీసేదాకా అచ్చం వరిలాగే ఉంటుంది. కలుపు తీసే ఆడవాళ్లు ఆకు మొదలు విడదీసి చూస్తారు. వరికి అక్కడ సన్నటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అయితే ఊద అలా ఎందుకుంటుంది? వరికి భిన్నంగా కనిపించిన మొక్కల్నల్లా మనుషులు వందల ఏళ్లుగా పీకి గట్టున పారేశారు. వరిలా ఉన్నవే మిగిలి విత్తనం రాల్చాయి. అంటే వరి పోలిక ఊదకు మన చేత్తోనే వచ్చింది. మీ అల్లం చట్నీ అతని చేతికి వచ్చింది కూడా అలాగే. పదకొండేళ్లు ఒక్క వాయి తేడా వస్తే ఒప్పుకోకుండా మీలాగే చేసేలా తయారుచేశారు. అతనికి వేరే చట్నీ రాదమ్మా. మీరు దొంగతనం అంటున్నారు. ఆ కొలతలు మీకు అత్తగారు చెప్పారు, ఆవిడకు ఇంకెవరో చెప్పి ఉంటారు. చట్నీ మీద హక్కు రాసిచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. మీ హోటల్ పేరు మాత్రం అతను వాడుకోలేదు. ముందు "అసలైన" అని తగిలించి మీ పేరే పెట్టుకునేవాళ్లు ఎంతమంది లేరు? ఆ ఒక్క మర్యాద మిగిల్చాడు.

అసలు మీ ఇబ్బంది అతను ఉండటం కాదు, మీరిద్దరూ ఒకేలా ఉండటం. 1930ల్లో గౌస్ అనే రష్యన్ శాస్త్రవేత్త గాజు గొట్టాల్లో పారమీసియం అనే ఏకకణ జీవుల్ని పెంచి చూశాడు. ఒకే మేత తినే రెండు రకాల్ని ఒకే గొట్టంలో వేస్తే కొన్నాళ్లకు ఒక రకం పూర్తిగా పోయింది. అలా ఓడిపోయిన రకాన్నే ఇంకో రకంతో కలిపి వేశాడు. ఈసారి రెండూ బతికాయి, ఎందుకంటే ఒకటి పైన తేలే మేత తింది, రెండోది అడుగున చేరినది తింది. మొదట ఓడినదీ తర్వాత బతికినదీ అదే జీవి, బలహీనమై ఓడలేదు. పక్కన ఎవరున్నారు, ఏం తింటున్నారు అన్నదాన్ని బట్టి దాని తలరాత మారింది. గొట్టాల దాకా ఎందుకు, మీ ఊరి పంట కాలువ గట్టున పది నిమిషాలు నిలబడండి. కొంగ గట్టు పక్కన లోతు లేని నీళ్లలో కాలు కదపకుండా నిలబడుతుంది. లకుముకి పిట్ట కరెంటు తీగ మీంచి రాయిలా పడుతుంది. నీటికాకి ములిగి అడుగున వెతుకుతుంది. ముగ్గురూ చేపలు తినేవాళ్లే. ఒకరి చోటికి ఇంకొకరు రారు.

మీ ఉత్తరంలో ఒక మాట నాకు చాలా నచ్చింది. మీరు దాన్ని దిగులుగా రాశారు. "ఆదివారాలు పనసాకుల్లో పొట్టిక్కలు వేసేదాన్ని, తొమ్మిదికల్లా అయిపోయేవి, ఈ టెన్షన్‌లో మూడు నెలలుగా వేయడం లేదు." ఇదేం పనమ్మా! ఎదుటివాడికి లేనిది మీ దగ్గర ఒక్కటుంటే దాన్ని ఆపేసి, ఇద్దరి దగ్గరా ఉన్న ఇడ్లీ మీద పోట్లాడుతున్నారు. నాలుగు పనసాకులు చేర్చి ఈనె పుల్లలతో కుట్టి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికించడం మీకు, మీ అమ్మగారికి చేతనవును. అతను చట్నీ నేర్చుకున్నాడు గానీ ఆకు కుట్టడం నేర్చుకున్నట్టు మీరు రాయలేదు. నేర్చుకున్నా ఆ పనికి పట్టే టైముకు 5 రూపాయలు తగ్గించి అమ్మలేడు. పొట్టిక్క మూత తీసినప్పుడు వచ్చే ఆ పనసాకు వాసనకు జనం రేటు అడగరు. మీరు ఎంతకు అమ్మేవారో రాయలేదు. మొహమాటానికి తక్కువే పెట్టి ఉంటారని నా అనుమానం.

దీనికీ తిప్పలున్నాయి. రోజూ వేస్తే ఆకుల ఖర్చు, కుట్టే మనిషి కూలీ లెక్కలోకి వస్తాయి, పనసాకు ఎప్పుడూ ఒకేలా దొరకదు. బస్సు పట్టుకునేవాడికి ఆకు విప్పుకుంటూ తినే తీరిక ఉండదు. కాబట్టి ఇడ్లీ మానేయమనడం లేదు. ఇడ్లీ మళ్లీ 30 చేసి, పోయేవాళ్లను పోనిచ్చి, వారానికి మూడు రోజులు పొట్టిక్కలు పెట్టి చూడటం ఒక దారి. మొదటి నెల అమ్మకం ఇంకా పడుతుంది, ముందే చెబుతున్నాను, గుండె చిక్కబట్టుకోవాలి. ఇంకో దారి టైము మార్చుకోవడం. అతని షెడ్డు ఆరున్నరకు తెరుస్తాడని రాశారు. తెల్లవారుజామున ఐదింటి బస్సులకు వచ్చే జనం ఎక్కడ తింటున్నారు? సాయంత్రం నాలుగింటి నుంచి పునుగులు, మిరపకాయ బజ్జీ వేసేవాళ్లు మీ బస్టాండు దగ్గర ఎవరైనా ఉన్నారా? ఐదింటికి తెరవాలంటే మీరు మూడింటికి లేవాలి, మోకాళ్ల నొప్పులున్నాయన్నారు, అది మీ ఒంటిని అడిగి తేల్చుకోవలసిన సంగతి. సాయంత్రం పని అయితే నూనె ఖర్చుంది గానీ నిద్ర పోదు. మూడోది, బ్యాంకు వాళ్లకు, హాస్టలు వాళ్లకు ముందే మాట్లాడుకుని ఇచ్చే ఆర్డర్లు. లాభం తక్కువ, డబ్బు నెలాఖరుకు వస్తుంది, కానీ పొద్దున ఎన్ని పోతాయోనన్న గుబులు ఉండదు.

ఎదురుగా హోటల్ ఉండటమే నష్టమని కూడా అనుకోకండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లు, కోఠిలో పాత పుస్తకాల కొట్లు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. అక్కడికి వెళ్తే ఏదో ఒక చోట దొరుకుతుందని జనం వస్తారు. ఇద్దరున్నాక మీ బస్టాండు టిఫిన్ దొరికే చోటని పేరు పడవచ్చు. ఇద్దరూ ఒకటే పెడితే మాత్రం ఆ పేరు వల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు.

పదేళ్లుగా మీ దగ్గర పెసరట్టు తిన్న రిటైర్డు మాస్టారు ఇప్పుడు అవతల తింటూ, మిమ్మల్ని చూడగానే ప్లేటుతో స్తంభం వెనక్కి జరిగారని, మీరు మొహం తిప్పుకున్నారని రాశారు. అలా చేయకండి. మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఎదుటి కొట్లో సరుకు కొని సంచి దాచుకుంటూ వెళ్లే మనిషిని ఆయనే కేకేసి "ఏం బాబాయ్, పిల్లలు బాగున్నారా" అనేవాడు. మాకు చిన్నతనంలో ఒళ్లు మండేది. ఇప్పుడర్థమవుతోంది. మారి తిన్నవాడు మళ్లీ రావాలంటే సిగ్గుపడకుండా లోపలికి అడుగుపెట్టే వీలుండాలి. మాస్టారు రెండు రూపాయలకు పోలేదు, కొత్తది కాబట్టి చూద్దామని పోయుంటారు. రేపు కనిపిస్తే నమస్కారం పెట్టండి.

అతనితో మాట్లాడాలా వద్దా అన్నది మీరు అడగలేదు. మాట్లాడకపోయినా వ్యాపారం నడుస్తుంది. రోడ్డుకు రెండు వైపులా ఏళ్ల తరబడి పలకరింపు లేకుండా బతికేవాళ్లు ఉన్నారు, కాస్త బరువుగా ఉంటుందంతే. మాట్లాడదామనిపిస్తే కొట్టు దగ్గర వద్దు, కస్టమర్ల ముందు ఇద్దరికీ గొంతు పెరుగుతుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఇంటికి వెళ్లండి, మీవారు లేకుండా. రేటు ఊసు, చట్నీ ఊసు ఎత్తకండి. "ఉగాదికి నువ్వు అడిగినప్పుడు నేను తేల్చి చెప్పవలసింది" అన్న మాట మీరు అనగలిగితే, "సెలవని చెప్పి వెళ్లకుండా ఉండవలసింది" అన్న మాట అతని నోట రావచ్చు. రాకపోవచ్చు కూడా. అలా వచ్చిన రోజున వారానికొక సెలవు మీకొక రోజు, అతనికొక రోజు అనుకోవచ్చు. పధ్నాలుగేళ్లలో మీరు పండగలకు తప్ప మూయలేదన్నారు. ఎదురుగా ఇంకొకడుంటే బస్టాండు జనం ఆకలితో పోరు, మీరూ ఒక పూట పడుకోవచ్చు.

మూసేయాలా అన్నది ఇవాళ తేల్చకండి. ఒక నోటు పుస్తకం పెట్టి మూడు నెలలు ఏ రోజుకారోజు ఖర్చు, అమ్మకం రాయండి. ఇంట్లో తిన్న టిఫిన్ కూడా. నష్టమే కనిపిస్తే అప్పుడు మూయడంలో తప్పులేదు. ఓడిపోయారని ఊరనుకుంటే అనుకోనివ్వండి, ఊరు మీ అద్దె కట్టదు.

పైవన్నీ మీ ఇష్టానికి వదిలాను. ఒక్కటి మాత్రం వదలను. పిల్లల్ని కలవనివ్వండి. వాళ్లిద్దరూ పిండి బస్తాల మధ్య మూడేళ్ల వయసులో మొదలుపెట్టిన స్నేహం అది. ఇడ్లీ రేటుతో దానికి సంబంధం లేదు. వద్దన్నారు కాబట్టి మీ ముందు మాట్లాడరు, బళ్లో మాట్లాడుకుంటారు, మీ అమ్మాయికి మీ దగ్గర దాయడం అలవాటవుతుంది. వచ్చే ఏడాది పదో తరగతి, ఆ అలవాటు అప్పుడు మొదలవడం మీకే కష్టం. "నేను కోపంలో అన్నాను, నువ్వు మామూలుగా ఉండు" అని ఇవాళ రాత్రే చెప్పండి.

ఆదివారానికి పొట్టిక్కలు వేయాలనుకుంటే పనసాకులు తెచ్చే అతనికి శుక్రవారమే కబురు పెట్టండి. ఈనె పుల్లలు మీ అమ్మాయి చేత చీల్పించండి. పక్కన ఇంకో పిల్ల కూర్చుని సాయం చేస్తానంటే కాదనకండి.